సంకెళ్లు తెగిన యుద్ధం

రాత్రి బడికి వచ్చిన కొత్తలో పలకను కొంగు చాటున దాచుకున్న ఆడవాళ్లు చాలామంది ఉంటారు. ఈ వయసులో చదువేమిటని ఎవరైనా నవ్వుతారేమోనని సిగ్గు. ఇప్పుడు చెప్పుకోబోయే కథలో కూడా ఒక చిన్నపిల్ల పుస్తకం దాచుకుని బడికి పోతుంది. అయితే ఆమెది సిగ్గు కాదు, భయం. పుస్తకం ఎవరి కంటైనా పడితే శిక్ష తప్పదని భయం.

ఆ పిల్ల పేరు సూసీ. 1848లో అమెరికా దేశంలో, జార్జియా అనే రాష్ట్రంలో పుట్టింది. పుట్టుకతోనే బానిస. సవానా అనే పట్నంలో అమ్మమ్మ దగ్గర పెరిగింది. అక్కడ ఒక నల్లజాతి ఆడమనిషి తన ఇంట్లోనే చాటుగా పిల్లలకు చదువు చెప్పేది. సూసీ, ఆమె తమ్ముడు పుస్తకాలకు కాగితం చుట్టుకుని వెళ్లేవారు. పిల్లలంతా గుంపుగా పోకుండా ఒక్కొక్కరే గేటు దాటి లోపలికి వెళ్లేవారు.

ఆ పిల్ల తల మీదుగా ఒక పెద్ద యుద్ధం నడిచింది. 1861 నుంచి 1865 దాకా నాలుగేళ్లు సాగింది. ఒకే దేశం వాళ్లు రెండుగా చీలి కొట్టుకున్నారు. ఇలాంటి యుద్ధాన్ని అంతర్యుద్ధం అంటారు. అది ఎందుకు వచ్చింది? ఎక్కడెక్కడ మలుపు తిరిగింది? చివరికి ఎవరికి ఏం దక్కింది? అదే ఈ కథ.

పత్తి చేలలో బానిసలు

బానిస అంటే కూలి మనిషి కాదు. కూలి మనిషికి ఎంతో కొంత కూలి ముడుతుంది. ఇక్కడ కాకపోతే ఇంకో చోట పని చూసుకోవచ్చు. బానిసకు అదీ లేదు. గొడ్డును కొన్నట్టు మనిషిని కొంటారు. గొడ్డును అమ్మినట్టు అమ్ముతారు. తల్లి బానిస అయితే పుట్టిన బిడ్డ కూడా బానిసే. అది అక్కడి చట్టం. తల్లిని ఒకరికి, బిడ్డను ఒకరికి అమ్మినా అడిగే దిక్కు లేదు.

ఆఫ్రికా నుంచి ఓడల్లో పట్టి తెచ్చిన నల్లవాళ్లే ఈ బానిసలు. వాళ్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు కూడా బానిసలే. 1860 నాటికి అమెరికా జనాభా 3 కోట్లు దాటింది. అందులో సుమారు 40 లక్షలమంది బానిసలు. దాదాపు అందరూ దక్షిణాది రాష్ట్రాల్లోనే ఉండేవారు. అక్కడ పత్తి, వరి, పొగాకు, చెరకు పెద్ద ఎత్తున పండేవి. చాకిరీ బానిసలది, రాబడి యజమానిది.

దక్షిణాదిలో చాలా రాష్ట్రాలు ఇంకో చట్టం కూడా చేశాయి. బానిసలకు చదువు చెప్పకూడదు. ఎందుకు? చదువు వస్తే చీటీ రాసుకుంటారు, కబురు పంపుకుంటారు, ఎదురు ప్రశ్న వేస్తారు. రాత్రిపూట బయట తిరగాలంటే నల్లవాళ్ల దగ్గర అనుమతి చీటీ ఉండాలి. అక్షరం ముక్క నేర్చిన సూసీ తన అమ్మమ్మకు ఆ చీటీలు తనే రాసి ఇచ్చేది. యజమానులు దేనికి భయపడ్డారో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఉత్తరాది రాష్ట్రాల్లో బానిసత్వం ముందే పోయింది. అక్కడ ఫ్యాక్టరీలు, చిన్న రైతులు ఎక్కువ. పడమటి వైపు కొత్త రాష్ట్రాలు ఏర్పడుతున్నాయి. అక్కడికి బానిసత్వం పాకకూడదని ఉత్తరాదివాళ్లు, పాకాలని దక్షిణాదివాళ్లు తగవు పడ్డారు. 1860 నవంబరులో అబ్రహాం లింకన్ అధ్యక్షుడిగా గెలిచాడు. బానిసత్వం కొత్త చోట్లకు పోకూడదు అనేవాడు ఆయన. దాంతో దక్షిణాది రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి దేశం నుంచి విడిపోయాయి. చివరికి 11 రాష్ట్రాలు కలిసి వేరే ప్రభుత్వం పెట్టుకున్నాయి. జెఫర్సన్ డేవిస్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నాయి.

మొదటి ఫిరంగి

దక్షిణాన చార్ల్స్‌టన్ అనే రేవు ఉంది. ఆ రేవు నీళ్ల మధ్యలో ఫోర్ట్ సమ్టర్ అనే కోట ఉంది. కోటలో లింకన్ ప్రభుత్వ సైనికులు ఉన్నారు. 1861 ఏప్రిల్ 12న తెల్లవారుజామున దక్షిణాది సైన్యం ఆ కోట మీద ఫిరంగులు పేల్చింది. 34 గంటలు గుండ్లు కురిశాయి. కోట లొంగిపోయింది. విచిత్రం ఏమిటంటే ఆ గుండ్ల దెబ్బకు ఒక్కరూ చావలేదు. కానీ ఆ తర్వాత నాలుగేళ్లు చావులకు లెక్క లేదు.

లింకన్ 75 వేలమంది సైనికులు కావాలని పిలుపు ఇచ్చాడు. ఎన్నాళ్లకు? 90 రోజులకు. అంతలో తేలిపోతుందని అందరూ అనుకున్నారు. జులై 21న బుల్ రన్ అనే వాగు దగ్గర మొదటి పెద్ద యుద్ధం జరిగింది. అది రాజధాని వాషింగ్టన్‌కు 25 మైళ్లు. తిరనాళ్లకు పోయినట్టు పట్నం పెద్దలు బండ్లు కట్టుకుని, తిండి బుట్టలు పెట్టుకుని చూడటానికి వెళ్లారు. సాయంత్రానికి ఉత్తరాది సైన్యం ఓడి పరుగు తీసింది. చూడవచ్చిన వాళ్లూ సైనికులూ ఒకే దారిలో పడి పారిపోయారు. యుద్ధం వేడుక కాదని ఆ రోజు తెలిసింది.

అడగకుండానే నడిచి వచ్చారు

ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. మొదట్లో లింకన్ బానిసల్ని విడిపించడానికి యుద్ధం చేయలేదు. దేశం ముక్కలు కాకూడదని చేశాడు. బానిసల సంగతి తర్వాత చూద్దామన్నారు పెద్దలు.

బానిసలు ఆగలేదు. 1861 మే నెలలో ముగ్గురు బానిసలు రాత్రిపూట పడవ ఎక్కి ఉత్తరాది సైన్యం కోటకు వచ్చేశారు. తిరిగి పంపమని యజమాని మనిషిని పంపించాడు. కోట అధికారి పంపనన్నాడు. ఈ కబురు చెవిన పడగానే పదులు, వందలు, వేలమంది రావడం మొదలైంది. చంకన బిడ్డలతో తల్లులు వచ్చారు. ఆ కోట దగ్గరే మేరీ పీక్ అనే నల్లజాతి పంతులమ్మ ఒక ఓక్ చెట్టు కింద వాళ్లకు చదువు చెప్పింది. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది.

1862 ఏప్రిల్‌లో సవానా దగ్గరి కోటను ఉత్తరాది సైన్యం పట్టుకుంది. ఆ ఫిరంగుల చప్పుడు సూసీ చెవిన పడింది. చుట్టాలతో కలిసి ఆమె కూడా ఉత్తరాది వాళ్ల ఓడ ఎక్కింది. ఈ పిల్లకు చదువు వచ్చంటే ఓడ అధికారి నమ్మలేదు. పుస్తకం, పెన్సిలు ఇచ్చి రాసి చూపమన్నాడు. రాసి చూపింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఒక దీవిలో సుమారు 40 మంది పిల్లలకు పంతులమ్మ అయింది. రాత్రిళ్లు పెద్దవాళ్లు కూడా ఆమె దగ్గర అక్షరాలు దిద్దారు.

ఒక్క రోజులో 23 వేలు

దక్షిణాది సైన్యానికి లీ అనే గట్టి సేనాపతి ఉన్నాడు. 1862 సెప్టెంబరులో ఆయన సైన్యం ఉత్తరాది నేల మీదికి వచ్చింది. సెప్టెంబరు 17న యాంటీటమ్ అనే వాగు పక్కన రెండు సైన్యాలూ తలపడ్డాయి. మొక్కజొన్న చేలలో, గుడి పక్కన, వంతెన మీద పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా చంపుకున్నారు. చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు కలిపి సుమారు 23 వేలమంది. అమెరికా చరిత్రలో ఒక్క రోజులో అంత నెత్తురు ఎప్పుడూ పారలేదు.

ఆ పొలాల్లో క్లారా బార్టన్ అనే ఆమె గుండ్ల మధ్యనే గాయాలకు కట్లు కట్టింది. ఒక సైనికుడికి నీళ్లు తాగిస్తుంటే తూటా ఆమె రవిక చేతిని చీల్చుకుని పోయి అతన్ని చంపింది. ఆమే 1881లో అమెరికాలో రెడ్‌క్రాస్ సంస్థను స్థాపించింది.

లీ వెనక్కి తగ్గాడు. లింకన్ ఈ అదను కోసమే కాచుకుని ఉన్నాడు. ఎదురుతిరిగిన రాష్ట్రాల్లో బానిసలందరూ 1863 జనవరి 1 నుంచి స్వతంత్రులని ప్రకటించాడు. ఇదే యుద్ధంలో పెద్ద మలుపు. అంతవరకు అది దేశాన్ని కలిపి ఉంచే యుద్ధం. ఇప్పుడది బానిసల్ని విడిపించే యుద్ధం కూడా అయింది.

ఈ ప్రకటనలో లోటు ఉంది. లింకన్ పక్షాన ఉన్న నాలుగు రాష్ట్రాల్లో కూడా బానిసలు ఉన్నారు. వాళ్లకు ఇది వర్తించలేదు. అయినా దీంతో నల్లవాళ్లకు సైన్యంలో చేరే దారి తెరుచుకుంది. సుమారు 1,79,000 మంది చేరారు. నిన్నటి దాకా కొరడా దెబ్బలు తిన్నవాళ్లు తుపాకి పట్టారు. సూసీ ఆ సైనికుల మధ్యకే వెళ్లింది. వాళ్ల బట్టలు ఉతికింది. గాయపడినవాళ్లకు సేవ చేసింది. తీరిక దొరికితే చదువు చెప్పింది. నాలుగేళ్లకు పైగా చాకిరీ చేసినా ఒక్క డాలరు జీతం ఇవ్వలేదని ఆమే తర్వాత రాసుకుంది.

పొగలు కక్కే అన్నం గిన్నె

హేరియట్ టబ్‌మన్ అనే ఇంకో ఆమె ఉంది. ఆమె కూడా బానిసగా పుట్టింది. 1849లో పారిపోయి ఉత్తరాదికి చేరింది. తను బయటపడింది కదా అని ఊరుకోలేదు. మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి సుమారు 70 మందిని చాటుగా దాటించింది. ఆమెకు చదవడం, రాయడం రాదు. కానీ నక్షత్రాల్ని చూసి దారి పట్టేది. మనిషిని చూసి మనసు పసిగట్టేది.

యుద్ధంలో ఆమె గూఢచారి అయింది. దక్షిణాన కంబాహీ అనే నది ఒడ్డున వరి మళ్లున్నాయి. ఆ నది నీళ్లలో శత్రువులు మందుపాతరలు దాచారు. అవి ఎక్కడున్నాయో అక్కడి బానిసల దగ్గర కూపీ లాగింది. 1863 జూన్ 2న ఆమె దారి చూపగా సైన్యం పడవలు వాటిని తప్పించుకుని పోయాయి. పడవల కూత వినగానే వరి మళ్లలోని జనం పరుగెత్తుకొచ్చారు. ఒక తల్లి పొయ్యి మీది అన్నం గిన్నెను దించి, పొగలు కక్కుతుండగానే నెత్తిన పెట్టుకుని, మెడ మీద బిడ్డతో వచ్చింది. ఒక్క రోజులో 700 మందికి పైగా బయటపడ్డారు.

రొట్టె కోసం రోడ్డెక్కారు

యుద్ధం పొలాల్లోనే కాదు, వంటింట్లోనూ నడిచింది. ఉత్తరాది ఓడలు దక్షిణాది రేవుల్ని మూసేశాయి. సరుకు రాదు, పత్తి పోదు. ధరలు మండిపోయాయి. 1863 ఏప్రిల్ 2న దక్షిణాది రాజధాని రిచ్‌మండ్‌లో వందలమంది ఆడవాళ్లు ఆకలికి తాళలేక రోడ్డెక్కారు. కొట్లు పగలగొట్టి పిండి, మాంసం పట్టుకుపోయారు. డేవిస్ స్వయంగా వచ్చి, పోకపోతే కాల్పిస్తానని బెదిరించాడు.

ఈ దెబ్బ సముద్రం దాటి మన దాకా వచ్చింది. ఇంగ్లండులోని బట్టల మిల్లులు అమెరికా పత్తి మీద బతికేవి. అది ఆగిపోయేసరికి వాళ్లు మన దేశం పత్తి కోసం ఎగబడ్డారు. గుంటూరు పత్తి కాకినాడ రేవు మీదుగా ఓడలెక్కింది. పత్తి ధర పెరిగింది. పత్తి అమ్ముకున్నవాళ్లకు నాలుగు డబ్బులు కనిపించాయి. కానీ నూలు ధర పెరిగి నేతగాళ్ల మగ్గాలు కుంటుపడ్డాయి. యుద్ధం అయిపోగానే పత్తి ధర కూడా కూలింది.

రెండు రోజులు, రెండు దెబ్బలు

1863 జులై మొదటి వారం ఈ యుద్ధానికి నడుమ. అక్కడి నుంచి దక్షిణాది కోలుకోలేదు.

లీ మళ్లీ ఉత్తరాది మీదికి వచ్చాడు. గెటిస్‌బర్గ్ ఒక చిన్న ఊరు. రెండున్నర వేల జనం కూడా లేరు. ఆ ఊరి చుట్టూ లక్షన్నరకు పైగా సైనికులు చేరారు. జులై 1, 2, 3 తేదీల్లో యుద్ధం జరిగింది. మూడో రోజు లీ సుమారు 12 వేలమందిని బయలు పొలంలో ముందుకు నడిపించాడు. గుట్ట మీది నుంచి ఫిరంగులు పేలాయి. వెళ్లినవాళ్లలో సగంమంది చనిపోయారు, గాయపడ్డారు, లేదా పట్టుబడ్డారు. మూడు రోజుల్లో రెండు వైపులా కలిపి నష్టం సుమారు 51 వేలు.

ఆ ఊళ్లో జెన్నీ వేడ్ అనే 20 ఏళ్ల అమ్మాయి ఉంది. బాలింత అయిన అక్కకు తోడుగా వచ్చింది. జులై 3 ఉదయం రొట్టెల పిండి పిసుకుతోంది. తలుపులోంచి దూసుకొచ్చిన తూటా ఆమెను చంపింది.

ఆ మర్నాడే, జులై 4న, ఎక్కడో దూరాన విక్స్‌బర్గ్ లొంగిపోయింది. అది మిసిసిపి అనే పెద్ద నది ఒడ్డున కోట లాంటి పట్నం. ఉత్తరాది సేనాపతి గ్రాంట్ 47 రోజులు దాన్ని ముట్టడించాడు. పట్నంలో జనం గుట్టల్లో గుహలు తవ్వుకుని పిల్లలతో దాక్కున్నారు. తిండి లేక కంచరగాడిదల మాంసం తిన్నారు. విక్స్‌బర్గ్ పడిపోవడంతో నది మొత్తం ఉత్తరాది చేతికి వచ్చింది. దక్షిణాది రెండు ముక్కలైంది.

ఇంకా దాదాపు రెండేళ్లు

గెలుపు దారి కనిపించింది కానీ యుద్ధం ఆగలేదు. 1864లో గ్రాంట్ సైన్యమంతటికీ అధిపతి అయ్యాడు. లీని వదలకుండా వెంటాడాడు. వేలమంది చచ్చారు. ఉత్తరాది జనం విసిగిపోయారు. ఎన్నికల్లో లింకన్ ఓడిపోతాడని, తన ఓటమి ఖాయమని ఆయనే అనుకున్నాడు. ఆయన ఓడితే దక్షిణాదితో రాజీ కుదిరేది. బానిసత్వం మిగిలిపోయేది.

అప్పుడు ఇంకో మలుపు. సెప్టెంబరు 2న షెర్మన్ అనే సేనాపతి అట్లాంటా పట్నాన్ని పట్టుకున్నాడు. జనంలో ఆశ పుట్టింది. నవంబరులో లింకన్ మళ్లీ గెలిచాడు. షెర్మన్ సైన్యం అట్లాంటా నుంచి సముద్రం దాకా సుమారు 285 మైళ్లు నడిచింది. దారిలో గాదెలు ఖాళీ చేసింది, రైలు పట్టాలు పీకి వంచింది. అక్కడి ఆడవాళ్లు, పిల్లలు ఆకలితో అల్లాడారు. అదే దారిలో వేలాదిమంది బానిసలు సైన్యం వెంట నడిచి బయటపడ్డారు. డిసెంబరు 21న సైన్యం సవానా చేరింది. సూసీ పుస్తకం దాచుకుని నడిచిన ఊరు అదే.

1865 ఏప్రిల్ మొదట్లో రిచ్‌మండ్ పడిపోయింది. ఏప్రిల్ 9న అపొమాటాక్స్ అనే ఊళ్లో లీ లొంగిపోయాడు. ఆ మాటలు నడిచిన ఇల్లు విల్మర్ మెక్లీన్ అనే ఆయనది. 1861లో బుల్ రన్ యుద్ధం ఆయన పొలం దగ్గరే జరిగింది. ఆ గొడవ పడలేక ఇల్లు మార్చుకుని దూరంగా వచ్చాడు. చివరికి యుద్ధం ఆయన ముందుగదిలోనే ముగిసింది. ఓడినవాళ్లకు గ్రాంట్ తిండి పెట్టించాడు. దున్నకాల సమయం కాబట్టి గుర్రాలను ఇంటికి తోలుకుపొమ్మన్నాడు.

అయిదు రోజులకు, ఏప్రిల్ 14 రాత్రి, నాటకం చూస్తున్న లింకన్‌ను ఒకడు కాల్చాడు. తెల్లవారి ఆయన చనిపోయాడు. డిసెంబరులో రాజ్యాంగం మారింది. అమెరికా అంతటా బానిసత్వం రద్దయింది.

లెక్క చూస్తే

ఈ యుద్ధంలో 6 లక్షల 20 వేలమంది సైనికులు చనిపోయారని చాలాకాలం చెప్పుకున్నారు. ఏడున్నర లక్షల దాకా ఉండవచ్చని తర్వాతి పరిశోధకులు లెక్కగట్టారు. తూటాలకన్నా విరేచనాలు, జ్వరాలు ఎక్కువమందిని చంపాయి. చెడ్డ నీళ్లు కూడా ఫిరంగి లాంటివే.

40 లక్షలమంది సంకెళ్లు తెగాయి. కానీ కష్టాలు తీరలేదు. వాళ్లకు భూమి దక్కలేదు. 1870లో నల్లజాతి మగవాళ్లకు ఓటు హక్కు వచ్చింది. దక్షిణాది పెద్దలు దాన్ని కూడా లాక్కోవడానికి ఎత్తులు వేశారు. ఓటు వేయాలంటే చదివి చూపించాలని పరీక్ష పెట్టారు. నిన్న చదవకూడదన్నవాళ్లే నేడు చదువు రాదు కాబట్టి ఓటు లేదన్నారు. ఆ అన్యాయాన్ని ఆపే గట్టి చట్టం 1965లో గానీ రాలేదు. దానికి మళ్లీ ఎంతోమంది పోరాడాల్సి వచ్చింది.

అక్కలారా, చెల్లెళ్లారా! ఈ యుద్ధాన్ని లింకన్ గెలిచాడంటారు, గ్రాంట్ గెలిచాడంటారు. అది నిజమే. కానీ బానిసలు తమంతట తాము నడిచి రాకపోతే, తుపాకి పట్టకపోతే, గూఢచారులై దారి చూపకపోతే ఆ యుద్ధం మలుపు తిరిగేదా? బానిసత్వం రద్దయ్యేదా? ఆలోచించండి. ఒకరు ఇస్తే వచ్చిన స్వేచ్ఛ కాదది. పొగలు కక్కే గిన్నె నెత్తిన పెట్టుకుని పరుగెత్తినవాళ్లు తెచ్చుకున్న స్వేచ్ఛ.

సూసీ ఏమైంది? యుద్ధం అయ్యాక సవానాకు తిరిగి వచ్చింది. తన ఇంట్లోనే బడి పెట్టింది. విడుదలైన పిల్లలు 20 మంది చేరారు. ఈసారి పుస్తకాలకు కాగితం చుట్టాల్సిన పని లేదు. 1902లో సూసీ కింగ్ టేలర్ అనే పేరుతో తన కథ తానే రాసి పుస్తకంగా వేసింది. ఆ రోజుల్లో ఏం జరిగిందో ఈనాడు మనకు తెలుస్తోందంటే, ఒక చాకిరీ మనిషి అక్షరం నేర్చి రాసి పెట్టింది కాబట్టే.